తల్లి రొయ్య కన్ను: ఒక హేచరీలో కొయ్యకుండా సీడు తీసిన కేసు

కేసు వచ్చిన తీరు

భీమవరం వైపు ఒక ప్రాసెసింగ్ ప్లాంటుకు యూరప్ నుంచి సరుకు కొనేవాళ్ళు పంపిన ప్రశ్నల పట్టికలో, అంతకుముందు ఎప్పుడూ లేని గడి ఒకటి కనిపించింది. రొయ్యలు ఏ చెరువువి, మేత ఏ కంపెనీది, యాంటీబయాటిక్ టెస్టు రిపోర్టు ఉందా అన్నవి ఎప్పుడూ అడిగేవే. కొత్త గడిలో అడిగింది మాత్రం, ఈ సీడుకు, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలకు, గుడ్లు పెట్టిన తల్లి రొయ్యలకు కంటికాడ కోశారా లేదా అని. ప్లాంటు మేనేజరు రైతుని అడిగాడు. రైతు తను సీడు కొన్న హేచరీని, అంటే రొయ్య పిల్లలు తీసే కేంద్రాన్ని అడిగాడు. హేచరీ యజమాని నాకు ఫోన్ చేశాడు. కాకినాడకు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న హేచరీల్లో కొన్నిటికి మెచ్యురేషన్ సెక్షన్, అంటే తల్లి రొయ్యలను గుడ్లకు తెచ్చే విభాగం, చూసిపెట్టడం నా వృత్తి. తల్లి రొయ్యల మేత, నీళ్ళు, గుడ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలైన నాప్లీ, ఇవే నా లోకం.

"ఏం రాయమంటారండీ? కొయ్యలేదని పెట్టేద్దామా? ఇక్కడిదాకా వచ్చి తొట్లో చెయ్యి పెట్టి చూసేవాడెవడు?" అన్నాడాయన. తమాషాకి అన్నాడో నిజంగానే అన్నాడో ఫోన్లో తేలలేదు.

మామూలు రోజుల్లో అయితే ఆ గడి వదిలేసి సరుకు అమెరికాకి పంపేసేవారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళాక ఆ ధీమా పోయింది. ప్లాంట్లు యూరప్ వైపు చూడడం మొదలుపెట్టాయి, వాళ్ళు అడిగే ప్రశ్నలకు విలువ వచ్చింది. నేను ఆయనకి చెప్పింది చిన్న మాటే. కోస్తున్నాం కాబట్టి కోశామనే రాయాలి. వేరేగా రాయాలని ఉంటే వేరేగా పని చెయ్యాలి. ఒక సెక్షన్లో చేసి చూద్దామన్నాడు. ఆ చేసి చూడడమే ఈ కేసు. ఎవరి పేర్లూ రాయడం లేదు. ఆ అవసరమూ లేదు, ఎందుకంటే ఇందులో జరిగినవి ఏ హేచరీలోనైనా జరిగేవే.

కన్ను ఎందుకు కోస్తారు

చెరువు రైతులకు కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. వాళ్ళకి పీఎల్, అంటే చెరువులో వదలడానికి సిద్ధమైన పిల్లలు, ఆక్సిజన్ కవర్లలో బాక్సుల్లో వస్తాయి, చెరువులో వదులుతారు, అంతే. దాని వెనక ఉన్న తల్లి సంగతి ఎవరూ అడగరు.

ఇప్పుడు మన చెరువుల్లో ఉండేది ఎక్కువగా వనామీ అనే రకం రొయ్య. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. మన దేశంలో దానికి 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు టైగర్ రొయ్యల కాలంలో తల్లులను సముద్రంలోనే పట్టేవారు, కాకినాడ బోట్లు తెచ్చిన ఒక్కో తల్లికి హేచరీలవాళ్ళు పోటీపడి రేటు కట్టేవారు. వనామీకి అలా కుదరదు. వ్యాధులు లేవని పరీక్షించి పెంచిన తల్లులను ఎక్కువగా విదేశాల నుంచి విమానంలో తెచ్చుకుని, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌లో ఉంచి, ఆ తర్వాతే హేచరీకి తీసుకెళ్ళాలి. ఖరీదైన జీవాలు. అవి ఎంత త్వరగా, ఎంత ఎక్కువసార్లు గుడ్లు పెడితే యజమానికి అంత లాభం.

వచ్చిన చిక్కల్లా, తొట్లో పెట్టిన ఆడ రొయ్య మనకి కావలసినప్పుడు గుడ్లకు రాదు. దాని కంటికాడలో ఎక్స్ ఆర్గాన్, సైనస్ గ్రంథి అని చిన్న ఏర్పాటు ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే ఒక హార్మోన్ అండాశయం ఎదగకుండా బ్రేకు వేసి ఉంచుతుంది. 1943లో పానూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వేరే జాతి రొయ్య మీద పనిచేస్తూ, కంటికాడ తీసేస్తే అండాశయం గబగబా ఎదుగుతుందని చూపించాడు. డెబ్భైల నాటికి అది హేచరీల్లోకి వచ్చేసింది. ఒక కన్ను తీస్తే బ్రేకు సగం పోతుంది, నాలుగు రోజుల నుంచి వారం లోపు గుడ్లకు వస్తుంది. ఇంత చవకగా, ఇంత ఖాయంగా పనిచేసే కిటుకు ఈ రంగంలో ఇంకోటి లేదు. అందుకే ప్రపంచమంతా పాకింది.

అయితే ఆ కాడలో ఉన్నది ఆ ఒక్క హార్మోనే కాదు. గుల్ల విడవడాన్ని ఆపి ఉంచేది, ఒంట్లో చక్కెరను నడిపించేది, రంగు మార్చేది అన్నీ అక్కడివే. గుడ్ల కోసం మనం తీసేది వాటన్నిటినీ కలిపి. కోసిన తల్లి ఒంట్లో ఉన్న బలమంతా గుడ్లకే పోతుంది. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా పెడుతుంది, తర్వాత గుడ్ల నాణ్యత పడిపోతుంది, రంగు పాలిపోతుంది, చావులు పెరుగుతాయి. సెక్షన్లో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన విషయమే ఇది.

కోసే పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చెప్పాలి, ఎందుకంటే చర్చ చేసేవాళ్ళలో చూసినవాళ్ళు తక్కువ. పొద్దున్నే చల్లటి వేళ చేస్తారు. గుల్ల గట్టిగా ఉన్నవాటినే ఏరతారు, మెత్తగా ఉన్నదాన్ని కోస్తే చస్తుంది. కుర్రాడు చేతి వలతో రొయ్యను తీసి, తడిగుడ్డలో చుట్టి, తోక కొట్టుకోకుండా ఎడం చేత్తో ఒడిసి పట్టుకుంటాడు. ఇంకో చేతిలో మంటమీద కాల్చిన ఫోర్సెప్స్. కాడ మధ్యలో పట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు నొక్కుతాడు. చిన్న చుయ్ మన్న చప్పుడు, కాలిన పెంకు వాసన. కన్ను తెల్లబడుతుంది, కొన్నాళ్ళకు దానంతటదే రాలిపోతుంది. నొక్కిన క్షణంలో రొయ్య ఒళ్ళంతా ఒక్కసారి బిగుస్తుంది. తొట్లో వదలగానే వెనక్కి దూసుకుపోయి గోడకు కొట్టుకుంటుంది, ఆ తర్వాత ముందు కాళ్ళతో ఆ చోటును తడుముకుంటూ మూలన ఉండిపోతుంది. చేయి తిరిగిన కుర్రాడు ఒక్కోదానికి అర నిమిషం కూడా తీసుకోడు. మా కేసులోని కుర్రాడు చేయి తిరిగినవాడే.

మాటలు

పని మొదలుపెట్టేముందు యజమాని ఆఫీసు గదిలో అందరం కూర్చున్నాం. యజమాని, సెక్షన్ మేనేజరు, ప్లాంటు మనిషి, వాళ్ళకి సరుకిచ్చే కాళ్ళ మండలం రైతు, నేను. ఆ రైతు అన్న మాటతోనే చర్చ అసలు చోటికి వచ్చింది.

"ఏవండీ, పట్టుబడి రోజున మేం టన్నులకి టన్నులు తీసి ప్రాణంతోనే ఐసులో పోస్తాం. ఆయ్, అప్పుడెవరూ అడగరు. నాలుగొందల తల్లుల కన్ను గురించి ఇంత గొడవా?"

ఈ మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. లెక్కకు చూస్తే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఒక్క తల్లి ఒకసారి లక్ష నుంచి రెండు లక్షల పైచిలుకు గుడ్లు పెడుతుంది. కాబట్టి కన్ను కోయించుకునేవి వేలల్లో ఉంటే, ఐసులో చచ్చేవి వందల కోట్లలో ఉంటాయి. బాధ సంగతే అయితే మొదట ఐసు దగ్గర మొదలుపెట్టాలి గదా?

నా జవాబు రెండు ముక్కలు. తినాలంటే చంపక తప్పదు, ఎలా చంపాలన్నది వేరే చర్చ, అది కూడా రావలసిందే. కన్ను కోయడం మాత్రం తినడానికి కాదు, తొందర కోసం. కొయ్యకపోయినా రొయ్య గుడ్లు పెడుతుంది, ఆలస్యంగా, తక్కువసార్లు పెడుతుంది. రెండోది, రైతు చెప్పిన లెక్కే తిరగేస్తే నా వాదన అవుతుంది. కోసేవి కొన్నే కాబట్టి కొయ్యకపోతే వచ్చే నష్టం కూడా లక్షల పిల్లల మీద పంచుకుపోతుంది. రైతు కొనే ఒక్కో పిల్ల మీద పడే భారం పైసల్లో ఉంటుంది. మొత్తం రొయ్యల వ్యాపారంలో ఇంత తక్కువ ఖర్చుతో మానుకోగల పని నాకింకోటి కనిపించలేదు.

ప్లాంటు మనిషి అడిగింది వేరే. "అసలు రొయ్యకి నొప్పి తెలుస్తుందా అండి? అది తేల్చండి ముందు."

అది తేల్చడం నావల్ల కాదు, ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. 2008లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో రాబర్ట్ ఎల్వుడ్ బృందం ఒక జాతి రొయ్యల మీసానికి ఆసిడ్ రాస్తే, అవి అదే మీసాన్ని పదేపదే తుడుచుకున్నాయని, తొట్టి గోడకేసి రాసుకున్నాయని, ముందే మత్తుమందు రాసినప్పుడు ఆ పని తగ్గిందని చూపించింది. రెండేళ్ళకే ఇంకో బృందం, వనామీకి దగ్గరి బంధువైన తెల్ల రొయ్య మీద కూడా పరీక్షించి, ఆసిడ్‌కు స్పందించే నరాలేవీ కనిపించలేదని రాసింది. 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి వచ్చిన నివేదిక ఇలాంటి పరిశోధనలు వందల కొద్దీ జల్లెడ పట్టి, పీతలూ రొయ్యలూ బాధ అనుభవించే జీవులేనని లెక్కలోకి తీసుకోవాలంది. బ్రిటన్ 2022 నాటి జంతు సంక్షేమ చట్టంలో వాటిని చేర్చింది. ఆ చట్టం కన్ను కోయడాన్ని నిషేధించలేదు. ప్రభుత్వం విధానాలు చేసేటప్పుడు ఈ జీవాల మంచిచెడ్డలూ చూడాలంటుంది, అంతే.

మన చట్టం సంగతి చెబితే గదిలో అందరూ ఆశ్చర్యపోయారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా. వెన్నెముక ఉండాలని ఎక్కడా లేదు. ఎద్దుకు ముక్కుతాడు వెయ్యడం, కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం నిర్ణయించిన పద్ధతిలో చేస్తే నేరం కాదని ఆ చట్టమే మినహాయింపులు రాసింది. రొయ్య కన్ను ఆ మినహాయింపుల్లో లేదు. దీని మీద వకీళ్ళు ఏమంటారో నాకు పట్టని విషయం. నేను చెప్పదలుచుకున్నది ఒకటే, పరాయి దేశంవాళ్ళు పనిగట్టుకుని మన నెత్తిన రుద్దుతున్న పట్టింపు ఇది అనుకోవడానికి వీల్లేదు.

నొప్పి ఉందని తేలేదాకా కోద్దాం అనేవాళ్ళున్నారు, లేదని తేలేదాకా ఆపుదాం అనేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో ఇద్దరూ ఒకే చోట ఆగిపోయారు. ఎవరో తేల్చేదాకా ఎదురుచూసినా ఈలోగా సెక్షన్లో రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి. అర నిమిషం పనిని మానుకోవడానికి ఎంత సాక్ష్యం కావాలన్నది, మానుకుంటే మనకెంత పోతుందన్న దాన్నిబట్టి ఉండాలి. పోయేది పైసలైతే తడుముకునే కాళ్ళు చాలు సాక్ష్యానికి.

మధ్యే మార్గం ఒకటి మేనేజరు తెచ్చాడు: మత్తు రాసి కోద్దాం. ఇదేం కొత్త కాదు, వనామీ తల్లుల మీదే 2004లో చేసి చూశారు. మత్తుమందు, రక్తం ఆపే మందు వాడితే రొయ్య తక్కువ కొట్టుకుందని, త్వరగా మేతకు వచ్చిందని తేలింది. ఏమీ లేకుండా కోయడంకన్నా అది నయమే, మిగిలిన సెక్షన్లకు నేను అదే సిఫారసు చేశాను. కానీ మత్తు ఆ అర నిమిషానికే. కాడతో పాటు పోయిన హార్మోన్లు మత్తుతో తిరిగి రావు, ఆ తర్వాత నెలల తరబడి తల్లి ఒళ్ళు కరిగిపోవడం ఆగదు.

చేసిన పని

ఒకే కన్‌సైన్‌మెంట్‌లో వచ్చిన తల్లులను రెండుగా విడదీశాం. ఒక గదిలో ఎప్పటిలాగే కోశాం, ఇంకో గదిలో కొయ్యలేదు. గుర్తు కోసం కంటికాడకు తొడిగే నంబరు రింగులు వాడాం, కోసిన గదికి ఎరుపు, కొయ్యని గదికి నీలం. నీళ్ళు, ఉప్పుశాతం, ఉష్ణోగ్రత రెండు చోట్లా ఒకటే. కొయ్యని గదిలో మూడు మార్పులు చేశాం. గుడ్లకు తేవడానికి ముందు మేపే కాలం పెంచాం, ఆడవాటి సంఖ్య పెంచాం, గదిలో వెలుతురు తగ్గించి మనుషుల రాకపోకలు కట్టడి చేశాం. వనామీ బెదురుగొడ్డు. గోడ అవతల డ్రమ్ము దొర్లినా గుడ్లు మింగేసుకుంటుంది, అంటే ఎదిగిన అండాశయాన్ని ఒళ్ళు మళ్ళీ పీల్చేసుకుంటుంది. కోసిన రొయ్యకు ఆ బెదురు పట్టదు. ఇన్నాళ్ళూ సెక్షన్లో రేడియో మోగినా నడిచిపోయిందంటే దాని పుణ్యమే.

మేత విషయంలో ఒక పక్క సంగతి. తల్లి రొయ్యకు స్క్విడ్, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి, వీటన్నిటికన్నా ముఖ్యంగా పాలీకీట్ పురుగులు కావాలి. కొయ్యకుండా గుడ్లకు రావాలంటే అవి ఇంకాస్త ఎక్కువ కావాలి. బురదలోంచి తవ్వి తెచ్చిన బతికున్న పురుగుల్లో ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి, తెల్లమచ్చ జబ్బు తెచ్చే వైరస్ రావచ్చు కాబట్టి పరీక్షించి, గడ్డకట్టించినవే వాడాం. ఒక జీవి కన్ను కాపాడడానికి ఇంకో జీవిని కిలోల లెక్కన గడ్డకట్టించి వేశామన్నమాట. యూరప్‌వాళ్ళ పట్టికలో పురుగుకు గడి లేదు. చట్టం చెప్పిన 'ఏ ప్రాణి అయినా' అన్న మాటలో మాత్రం అదీ ఉంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పురుగును లెక్కలోంచి తీసేయడానికి కారణమూ లేదు.

మొదలుపెట్టేముందే కాగితం మీద రాసుకున్నాం. ఎన్నాళ్ళు చూడాలో, కొయ్యని గదిలో ఏం జరిగితే ఆపేయాలో, ఏం జరిగినా ఆపకూడదో. ఆపడానికి రెండే కారణాలు రాశాం: వ్యాధి రావడం, చావులు కోసిన గదిని మించిపోవడం. గుడ్లు తక్కువ రావడం ఆపడానికి కారణం కాదని విడిగా రాయించాను. తక్కువ వస్తాయని ముందే తెలుసు గనక.

అయినా టెన్షన్ తప్పలేదు. సాయంత్రం వేళ కుర్రాళ్ళు టార్చి పట్టుకుని తొట్టి చుట్టూ తిరుగుతారు. వెలుతురులో వీపు మీద నారింజ రంగు గీత మందంగా కనిపించిన ఆడవాటిని తీసి మగవాటి తొట్లో వేస్తారు, రాత్రి జత కట్టినవాటిని ఏరి గుడ్ల తొట్లోకి మారుస్తారు. ఎరుపు గదిలో బక్కెట్లు నిండుతుంటే నీలం గదిలో కుర్రాడు ఖాళీ వలతో తిరిగొచ్చే రాత్రులు చాలానే గడిచాయి. యజమాని ఏమీ అనేవాడు కాదు. పొద్దున్నే వచ్చి నాప్లీ లెక్క రాసిన పుస్తకం చూసి మూసేసేవాడు.

కలిపేద్దాం అన్న రోజు

సీజను మొదలైంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులు సిద్ధమవుతున్నాయి, కోనసీమలో కాట్రేనికోన, ముమ్మిడివరం నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. ప్లాంటువాళ్ళు తమ రైతుల కోసం కొయ్యని సీడు కావాలన్నారు, కావలసిన దాంట్లో నీలం గది ఇవ్వగలిగింది సగానికి కాస్త అటూ ఇటూ. యజమాని ముందు రెండు దారులున్నాయి. నీలం గదిలోవాటికి కూడా కన్ను కోసెయ్యడం. లేదా ఎరుపు గది నాప్లీని నీలం గది నాప్లీతో కలిపి ఒకే బిల్లు మీద పంపడం. నాప్లీ దశలో ఏది ఎవరి బిడ్డో మైక్రోస్కోపు కింద పెట్టినా తెలియదు.

మొదటిదానికి ఆయనే ఒప్పుకోలేదు, కాగితం మీద రాసుకున్నాం కాబట్టి. రెండోదాని దగ్గర ఆగాడు. "సార్, రెండూ మన పిల్లలే. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. రైతుకి నష్టమేమీ లేదు, రొయ్యకీ కొత్తగా వచ్చే నష్టం లేదు. ఒక మాట దగ్గర పట్టుబట్టి ఆర్డరు పోగొట్టుకోమంటారా?"

ఆ గదిలో అంతవరకు జరిగిన చర్చలన్నిటికన్నా ఇదే గట్టి ప్రశ్న. ఆయన చెప్పినట్టు ఆ రోజు కలిపితే ఏ రొయ్యకూ అదనంగా బాధ కలగదు. కలపకపోతే ఎరుపు గది తల్లులకు పోయిన కళ్ళు తిరిగి రావు. అయినా నేను సంతకం పెట్టనన్నాను. కన్ను కొయ్యలేదన్న కాగితానికి ఒకసారి ఇలా విలువ తీసేస్తే, వచ్చే ఏడు నీలం గదే అక్కర్లేదు. కొయ్యకుండా ఉండడానికి ఖర్చవుతుంది, కొయ్యలేదని రాయడానికి కాదు. రెండిటినీ విడదీస్తే రాసే పనే మిగులుతుంది. పై నుంచి, ఈ తీరంలో సీడు విషయంలో మాటకు ఉన్న విలువ ఇప్పటికే అంతంతమాత్రం. టెస్టు రిపోర్టు ఒక తొట్టిది, ప్యాకింగు ఇంకో తొట్టిది అని మండిపడే రైతులు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు.

ప్లాంటు మనిషికి నా పట్టుదల నచ్చలేదు. కొనేవాళ్ళకి కావలసింది కాగితమే అన్నాడు. అతని మాటలో కొంత నిజం ఉంది, అదే నాకు భయం. చివరికి సీడు రెండు లాట్లుగా, రెండు బిల్లుల మీద వెళ్ళింది. నీలం లాటు పీఎల్ బాక్సుల మీద విడిగా గుర్తు వేశాం. ప్లాంటు తమ పట్టికలో నీలం లాటు వెళ్ళిన చెరువులనే చూపించుకుంది. ఎరుపు లాటు వెళ్ళిన రైతులకు సరుకు మామూలు దారిలోనే పోయింది, రేటు తేడా ఏమీ రాలేదు.

ఏం తేలింది

కొయ్యని గదిలో ఒక్కో రాత్రి గుడ్లకు వచ్చినవి బాగా తక్కువ. సీజను మొత్తం మీద చూస్తే తేడా మొదట్లో భయపడినంత లేదు, ఎందుకంటే ఆ తల్లులు చాలాకాలం నిలబడ్డాయి. ఎరుపు గదిలో గుడ్లు పెట్టడం పడిపోయి తల్లులను మార్చుకోవలసి వచ్చిన సమయానికి నీలం గది ఇంకా ఒకే తీరున నడుస్తోంది. ఒక్కో కాన్పులో గుడ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నీళ్ళలో ఉప్పుశాతం ఒక్కసారిగా మార్చి పీఎల్‌ను చూసే స్ట్రెస్ టెస్టులో నీలం లాట్లు తట్టుకున్నాయి, కొన్నిసార్లు కాస్త మెరుగ్గా.

చెరువుల్లో ఎలా పెరిగాయని అందరూ అడుగుతారు. దాన్నిబట్టి నేను ఏమీ చెప్పను. ఒక రైతు చెరువులో ఈహెచ్‌పీ వచ్చింది, ఇంకొకరికి వానకు నీళ్ళు పాడయ్యాయి, ఒకాయన మంచి కౌంట్‌కు, అంటే కిలోకు తక్కువ రొయ్యలు తూగే సైజుకు పట్టాడు. ఇందులో కన్ను వాటా ఎంతో విడదీయడానికి మా కేసు చాలదు. ఏ గది ఏదో కుర్రాళ్ళకు తెలుసు, నీలం గదిని అందరం కాస్త ఎక్కువ జాగ్రత్తగా చూశాం, అదీ లెక్కలోకి తీసుకోవాలి. స్కాట్లాండులోని స్టిర్లింగ్ యూనివర్సిటీ పరిశోధకులు మాత్రం 2019 నుంచి 2021 మధ్య ఈ పని పద్ధతిగా చేశారు. కొయ్యని వనామీ తల్లుల పిల్లలకు, కోసినవాటి పిల్లలకు విబ్రియో బాక్టీరియా, తెల్లమచ్చ వైరస్ ఎక్కించి చూసి, కొయ్యనివాటి పిల్లలే బాగా తట్టుకున్నాయని రాశారు. మా యజమానిని ఒప్పించింది ఈ మాటే. ఆయనకి రొయ్య నొప్పి కన్నా తెల్లమచ్చ బాగా తెలుసు. తొంభైల్లో ఆ జబ్బు డెల్టాలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టేసినప్పుడు వాళ్ళ నాన్నగారి చెరువులు ఎండబెట్టుకున్న ఇల్లు అది.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. లాభం ఉంది కాబట్టి కన్ను వదిలేశాం అంటే, రేపు ఇంకో పరిశోధన వచ్చి కోసిన తల్లి పిల్లలే గట్టివి అంటే మళ్ళీ ఫోర్సెప్స్ కాల్చుకుంటామా? యజమానిని సూటిగా అడిగాను. "అప్పుడు చూద్దాం లెండి" అన్నాడు. నిజాయితీ గల జవాబే. నా మటుకు నేను, అప్పుడు కూడా వద్దనే చెబుతానని ఆయనతో అన్నాను. అలా చెప్పే కన్సల్టెంటుకు పని ఉంటుందా అన్నది వేరే సంగతి.

జీతం సంగతి

ఈ కేసులో నేను ముందు ఊహించనిది, చివరికి అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది సెక్షన్ కుర్రాళ్ళ ఇన్సెంటివ్. జీతం కాక, తీసిన నాప్లీ లక్షల లెక్క మీద వాళ్ళకు కొంత వస్తుంది. నీలం గదిలో పడ్డవాడికి నాప్లీ తక్కువ, పని ఎక్కువ, రాత్రిళ్ళు నిద్ర లేదు. కన్ను కోసే కుర్రాడే మొదట అన్నాడు, "సార్, రొయ్యకి మంచిదేనండి. మరి నా డబ్బులో?"

యూరప్‌లో ఎవరి మనస్సాక్షి కోసమో ఉప్పాడ వైపు కుర్రాడి ఇన్సెంటివ్‌లో కోత పడితే, ఆ పద్ధతి ఒక సీజను దాటి బతకదు. రాత్రి ఎవరూ లేనప్పుడు నాలుగు తల్లులకు కన్ను నొక్కేస్తే ఎవరికి తెలుస్తుంది? కెమెరా పెడదామన్నాడు మేనేజరు. నేను లెక్క మారుద్దామన్నాను. నాప్లీ లక్షల మీద కాకుండా, ప్యాకింగ్ దాకా బతికిన పీఎల్ మీద, దాంతోపాటు తల్లి ఎన్నాళ్ళు నిలిచిందన్న దాని మీద ఇన్సెంటివ్. రెండోది నీలం గదికి సహజంగా కలిసొస్తుంది. యజమాని లెక్కలు వేయించుకుని, ఒక సీజనుకు ఒప్పుకున్నాడు. ఎరుపు గది కుర్రాళ్ళు తమకీ అదే లెక్క కావాలంటున్నారు. అలా ఇస్తే ఎరుపు గదిలో కోయడం వాళ్ళకే నష్టం అవుతుందని యజమానికి అర్థమైంది, అందుకే ఇంకా తేల్చలేదు. కొత్త కన్‌సైన్‌మెంట్ క్వారంటైన్‌లో ఉంది. ఆ తల్లులు వచ్చేలోపు ఆ లెక్క తేలకపోతే రెండు గదులూ ఎప్పటిలాగే నడుస్తాయి.